నేను చెప్పని నాలుగో కబురు

దయ్యాలు, శకునాలు, వాక్కులు, వీటిలో వేటినీ నేను నమ్మలేదు. ఇలాంటివి రాసేవాళ్ళందరూ మొదట ఈ మాటే అంటారని నాకు తెలుసు. కానీ నా సంగతి కాస్త వేరు. జనాన్ని భయపెట్టడం ఎండాకాలంలో నా పని. పులుసులో ఏమేం పడ్డాయో వంటవాడికి తెలిసినట్టు భయంలో ఏమేం పడతాయో నాకు తెలుసు. తెలిసినవాణ్ణి కాబట్టి నాకు భయం లేదనుకునేవాణ్ణి.

నేను తిరుపతిలో ఒక హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. వేసవి సెలవులు ఇవ్వగానే సంచీ సర్దుకుని పల్లెలకు భారతం చెప్పడానికి పోయేవాణ్ణి. మా ఇంట్లో గుళ్ళో కైంకర్యం చేసినవాళ్ళున్నారు, బడిలో పాఠం చెప్పినవాళ్ళున్నారు. మా నాయన ఒక్కడే ఊళ్ళు పట్టుకుని తిరిగి భారతం చెప్పాడు. ఆయన గొంతు దెబ్బతిన్నాక ఆ పిలుపులు నాకు రావడం మొదలైంది.

మా చిత్తూరు జిల్లాలో భారతం అంటే పుస్తకం కాదు, పండగ. ధర్మరాజుల గుడి ముందు పెద్ద పందిరి వేస్తారు. మధ్యాహ్నం పూట ఒకరు పీఠం మీద కూర్చుని కథ చెబుతారు. అదే కథను రాత్రికి వేషాలు కట్టి ఆడతారు. పద్దెనిమిది రోజులు ఊరంతా ఇదే లోకం.

అందులో ఒకరోజు అర్జునుడి తపస్సు. ఊరి బయట పొలంలో పొడుగాటి తాటిమాను నాటి, దానికి మెట్లు కొడతారు. కొసన ఒక మనిషి నిలబడేంత పలక బిగిస్తారు. పొద్దు వాలే వేళకు అర్జున వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఆ పలక మీదికి ఎక్కుతాడు. అక్కడినుంచి విభూతి, పూలు, నిమ్మకాయలు కిందికి విసురుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. నిమ్మకాయ ఎవరి మీద పడితే వాళ్ళ కడుపు పండుతుందని నమ్మకం.

దీనికో కట్టుబాటు ఉంది. వేషగాడి చేతికి కంకణం కట్టాక అతను ఊరు దాటకూడదు, మాను ఎక్కడం మానుకోకూడదు. మానుకుంటే ఊరంతటికీ కీడంటారు. ఆ కంకణాన్ని తెంచే మొనగాడు మా వైపు పుట్టలేదు.

నా పని గురించి కూడా కొంచెం చెప్పాలి. నాయన నాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. కష్టాన్ని తెచ్చి ఒక్కసారిగా జనం ముందు పడేయకూడదు. అది వచ్చే ముందు కబుర్లు పంపాలి. మొదటి కబురు ఎక్కడో ఆకాశంలో. వినేవాడు ఏముందిలే అనుకోవాలి. రెండోది ఊరి పొలిమేరలో. మూడోది ఇంటి గడపలో. నాలుగోది ఒంటి మీద. కబురు దగ్గరయ్యేకొద్దీ గొంతు తగ్గించాలి గానీ పెంచకూడదు. మధ్యలో ఒక పిట్టకథ చెప్పి నవ్వించాలి. బాగా నవ్వినవాళ్ళే బాగా భయపడతారు.

ఎండ మండిపోతూ ఉంటుంది కాబట్టి పందిట్లో ఆడవాళ్ళ చేతుల్లో విసనకర్రలు ఆడుతూనే ఉంటాయి. అవి ఆగిపోయాయంటే కథ పట్టుకున్నట్టు. నేను జనం ముఖాలు చూసేవాణ్ణి కాదు, విసనకర్రలు చూసేవాణ్ణి. వాటిని ఆపడానికి మూలంలో లేని శకునాలు ఎన్నో కల్పించి చేర్చేవాణ్ణి. ఏ ఊరికి ఆ ఊరు కొత్తవి. బడిలో పిల్లి ఎదురొచ్చిందని వెనక్కి తిరిగిన పిల్లవాణ్ణి ఏడిపించేవాణ్ణి నేనే, పల్లెలో పీఠమెక్కి కాకులనూ గద్దలనూ ఎగరేసేవాణ్ణీ నేనే. బడి బడే, కథ కథే అనుకునేవాణ్ణి.

ఎనభైల మొదట్లో ఒక వేసవి. పూతలపట్టుకు కాస్త దూరంలో ఒక పల్లె. ఊరి పేరు రాయను. అక్కడి వాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే చెప్పులు విడిచి దండం పెడతారు. ఇది చదివితే వాళ్ళు నొచ్చుకుంటారు.

ఆ ఊళ్ళో భారతానికి పెద్ద గోవిందు నాయుడు. నిదానస్థుడు, మాట తూచి మాట్లాడే రైతు. అర్జున వేషం మునిరత్నానిది. చెరుకు గానుగ దగ్గర బెల్లం వండే మనిషి. బక్కపలచని ఒళ్ళు, చక్కని గొంతు. ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో మాను ఎక్కేది అతనే. భార్య కాంతమ్మ, చిన్న బిడ్డలు.

జూదం కథ చెప్పిన రోజు విసనకర్రలు ఒక పట్టాన ఆగలేదు. సరే, మొదటి కబురు పంపుదామని, హస్తినాపురం కోట జెండా మీద పట్టపగలు ఒక గద్ద వాలిందనీ, నగారా మోగించినా లేవలేదనీ చెప్పాను. అప్పటికప్పుడు పుట్టిన మాట అది. బాగానే పనిచేసింది.

మరునాడు పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే ఇద్దరు ముగ్గురు వచ్చి, గుడి ముందు నాటిన భారతం జెండా మీద గద్ద కూర్చుందని చెప్పారు. వెళ్ళి చూశాను. నిజమే. డప్పు కొట్టారు, రాళ్ళు విసిరారు. అది మెడ తిప్పి చూసిందే తప్ప లేవలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక దానంతట అదే పోయింది. గద్దలు ఎత్తైన చోట కూర్చోక మన ముంగిట్లో పీట వేస్తే కూర్చుంటాయా అని వాళ్ళను నవ్వించాను. నేనూ నవ్వాను.

ఆ మధ్యాహ్నం ద్రౌపది వస్త్రాపహరణం. కొలువుకు వస్తున్న సామంతుల బండ్లు పొలిమేరకు రాగానే ఎద్దులు మెడ మీద కాడి ఉండగానే మోకాళ్ళ మీద కూలబడ్డాయని చేర్చాను. విసనకర్రలు ఆగాయి. నాకు తృప్తి కలిగింది.

మరునాడు తపస్సు మాను ఊళ్ళోకి వస్తోంది. గోవిందు నాయుడి ఎద్దులు, జిల్లాలో పేరున్న జత. పొలిమేర రాయి దగ్గర రెండూ ముందుకాళ్ళు మడిచి కూర్చున్నాయి. ముల్లుగర్రతో పొడిచినా లేవలేదు. చివరికి కాడి విప్పి, వేరే జతను కట్టి మానును తెచ్చారు. ఆ ఎద్దులు మాత్రం తిన్నగా ఇంటికి నడిచిపోయి మేత మేశాయి. ఈసారి నేను నవ్వించడానికి ప్రయత్నించాను గానీ ఎవరూ నవ్వలేదు. గోవిందు నాయుడు ఎండదెబ్బ అని తేల్చేశాడు. నేనూ అదే పట్టుకున్నాను.

పాండవులు అడవికి పోయే కథ ఆ రోజు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మూడో కబురు గడపలోదని నాకు తెలుసు. చెప్పకుండా ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు నామీద నాకే చిరాకు వేసింది. ఎద్దులు కూర్చుంటే పండితుడు కథ మార్చుకుంటాడా అనుకుని, కుంతీదేవి గడప దాటుతుండగా గాలి లేకుండానే దీపం కొండెక్కిందని గొంతు బాగా తగ్గించి చెప్పాను. పందిట్లో ఒక్క విసనకర్ర కదలలేదు.

తెల్లవారి తపస్సు రోజు. నాకు ఊరి బడిలో బస. పొద్దున్నే కాంతమ్మ వచ్చింది. చంకలో బిడ్డ, చేతిలో పాల చెంబు. రోజూ పాలు తెచ్చేది ఆమే. ఆ రోజు చెంబు కింద పెట్టి అక్కడే నిలబడింది.

"అయ్యోరా, మొన్న గద్ద. నిన్న ఎద్దులు. ఈ పొద్దు మా ఇంట్లో దీపం. ఆయనకి కంకణం కట్టినప్పట్నుంచి ఆరకుండా సూసుకుంటా ఉండా. నూనె ఉండాది, వత్తి ఉండాది, గాలి లేదు. నా కండ్ల ముందరే పోయింది" అంది.

నేను చెంబు అందుకోబోయాను.

"మీరు సెప్పిందల్లా మా ఊర్లో అయితా ఉండాది. ఇంగ మిగిలిందేందో అది కూడా సెప్పేయండి. ఆయన్ని నేను ఆపుకుంటా."

ఆమెకు ధైర్యం చెప్పాలనే అన్నాను. "అమ్మా, అవి భారతంలో లేవు. జనం కునుకు తీయకుండా నేను కల్పించి చెప్పినవి. నువ్వు భయపడాల్సిన పని లేదు."

"కల్పించినారా?" అంది. "ఆ పీటం మింద కూసోని కల్పించినారా?"

ఆ అడగడంలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. అంతకంటే అడగడానికి ఏమీ లేనట్టు బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. పీఠం మీద కూర్చున్నవాడి నోట అబద్ధం రాదని ఆ ఊరు నమ్ముతుంది. నేను ఆ నమ్మకాన్ని వంటచెరుకులా వాడుకున్నానని ఒక బెల్లం వండేవాడి భార్య ముందు నా నోటితోనే ఒప్పుకున్నట్టయింది. ఆ పాలు తాగబుద్ధి కాలేదు.

గోవిందు నాయుడి దగ్గరికి పోయాను. ఊరు భయపడుతోంది, ఈ ఏటికి మాను ఎక్కడం ఆపితే ఏమని అడిగాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, "గద్దలు ఎత్తు తావులోనే కూసుంటాయని మీరే గదా అంటిరి అయ్యోరా. ఇప్పుడు మీరే ఆపమంటే ఎట్ట? కంకణం కట్టేసినాం. ఆపితే రేపు ఎవురికి జొరమొచ్చినా మునిరత్నం మిందికే వస్తారు జనం" అన్నాడు. అది కూడా నిజమే.

మునిరత్నం అయితే నవ్వేశాడు. ఉపవాసంతో కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. "ఆడోళ్ళ మాటలు మీరు పట్టించుకోబాకండి అయ్యోరా. నాకు నేల మింద నడిసేదానికన్నా ఆడ పైనే బాగుంటాది" అన్నాడు.

అప్పుడే పొలంలో మానును నిలబెట్టారు. వెళ్ళి చుట్టూ తిరిగి చూశాను. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొసకు మోకులు కట్టి నాలుగు వైపులా లాగి కట్టారు. నా కంటికి ఏ లోపమూ కనబడలేదు. కనబడాలని వెతికాను కూడా.

నాలుగో కబురు ఒంటి మీదది. అది చెప్పకూడదని గట్టిగా తీర్మానించుకున్నాను. ఏదో జరుగుతుందనే భయంతో కాదు. కాంతమ్మ పందిట్లో కూర్చుని వింటూ ఉంటుంది. ఆమె ముందు మళ్ళీ కల్పించి చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. అంతే.

ఇక్కడినుంచి జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ రోజు పొద్దుటినుంచే ఊళ్ళో కరెంటు లేదు. మైకుసెట్టు మస్తాన్‌ది. అతను పూతలపట్టు నుంచి వచ్చి భారతమయ్యేదాకా మాతోనే ఉండేవాడు. కరెంటు లేనప్పుడు బ్యాటరీ మీద నడిపేవాడు. ఆ రోజు బ్యాటరీ కూడా దిగిపోయింది. దాన్ని సైకిలు క్యారియర్‌కు కట్టుకుని, చార్జింగు పెట్టించుకొస్తానని పూతలపట్టు పోయాడు. అతను పోవడం నేను కళ్ళారా చూశాను. పీఠం ముందు మైకు ఊరికే నిలబడి ఉంది. హారన్లు రెండు. ఒకటి పందిరి గుంజకు, ఇంకోటి మాను నాటిన పొలంలో చింతచెట్టుకు. పొలంలో పని చేసేవాళ్ళు కూడా కథ వినాలని దాన్ని అక్కడ కట్టించారు. పందిరికీ పొలానికీ మధ్య సగం ఊరు ఉంది. మైకు లేకుండా నా గొంతు అక్కడికి చేరదు.

అతని కోసం చాలాసేపు చూసి, ఆలస్యంగా, వట్టి గొంతుతో మొదలుపెట్టాను. అర్జునుడు ఇంద్రకీలానికి పోవడం, తపస్సుకు నిలబడడం, అతణ్ణి చంపడానికి మూకాసురుడు పంది రూపంలో బయలుదేరడం. మూలంలో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుపోతున్నాను. శకునాలు లేవు, పిట్టకథలు లేవు. కథ చప్పగా ఉందని నాకే తెలుస్తోంది. విసనకర్రలు ఆడుతూనే ఉన్నాయి. ముందు వరుసలో ముసలాయన ఒకాయన గురక పెడుతున్నాడు. కాంతమ్మ గుంజకు ఆనుకుని కూర్చుని నన్నే చూస్తోంది.

పంది అడవిలోకి అడుగుపెట్టే చోటుకు వచ్చాను. నాలుగో కబురు చెప్పాల్సిన చోటు అదే. ఏళ్ళ అలవాటు, నోరు దానంతట అదే తయారైంది. "అప్పుడు అర్జునుడికి" అన్నాను. అని ఆగిపోయాను. పక్కనున్న చెంబు ఎత్తి నీళ్ళు తాగాను. చెంబు దించి, "పంది ఎదురుగా వచ్చింది" అని కథ అందుకున్నాను. నేను నోరు మూసుకుని ఉన్నది ఆ కొన్ని గుక్కలసేపే. ఆ కొన్ని గుక్కలసేపు నేను ఏమీ మాట్లాడలేదు. నీళ్ళు తాగుతూ ఎవరూ మాట్లాడలేరు.

కాసేపటికి పొలం వైపు నుంచి కేకలు వినిపించాయి. తరువాత పెద్ద చప్పుడు. పందిరి మొత్తం లేచింది. నేను పీఠం దిగి పరిగెత్తాను. కథ మధ్యలో పీఠం దిగడం నా జన్మలో అదొక్కసారే.

మాను నిలబడే ఉంది. కొసమాత్రం లేదు. విరిగిన ముక్కా, దానికి బిగించిన పలకా కింద దున్నిన మట్టిలో దిగబడి ఉన్నాయి. ఆడవాళ్ళు సాష్టాంగపడే చోటు అది. వాళ్ళు ఇంకా బావి దగ్గర తలమీద నీళ్ళు పోసుకుంటున్నారు కాబట్టి అక్కడ ఎవరూ లేరు. విరిగిన ముక్క లోపల పురుగు తొలిచేసి వట్టి పొట్టు ఉంది. పైకి మాత్రం నిగనిగలాడుతోంది. మునిరత్నం కిరీటంతో, ముఖానికి రంగుతో మాను మొదట్లో నిలబడి ఆ పొట్టును చూస్తున్నాడు.

గోవిందు నాయుడు చెప్పాడు. మునిరత్నం దండం పెట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడట. అప్పుడు చింతచెట్టు మీది హారన్‌లో నా గొంతు వినిపించిందట. "ఎక్కబాకరా. పైన డొల్లగా ఉండాది." రెండుసార్లు. కాలు దించి, అందరూ కలిసి ఒక మోకు పట్టుకుని లాగి చూశారు. కొస విరిగి పడింది.

నేను అనలేదని చెప్పాను. "మీ గొంతు మాకు తెలీదా అయ్యోరా" అన్నారు. కరెంటు లేదు కదా అన్నాను. హారన్ వైపు చూశారు, నా వైపు చూశారు. ఆ మాటతో ఇంకా చెడింది. అప్పటిదాకా మామూలుగా నిలబడినవాళ్ళు కూడా చేతులు జోడించారు. మునిరత్నం వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు. అతని ముఖం మీది రంగు నా పాదాలకు అంటుకుంది.

సరిగ్గా అప్పుడు మస్తాన్ సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. క్యారియర్ మీద బ్యాటరీ కట్టినట్టే ఉంది. అతణ్ణి చెయ్యి పట్టుకుని పందిట్లోకి లాక్కుపోయి యాంప్లిఫయర్ చూపించమన్నాను. బ్యాటరీకి తగిలించే వైర్లు రెండూ విప్పి, చుట్టచుట్టి పెట్టి ఉన్నాయి. నేనే చేత్తో పట్టుకుని చూశాను. మస్తాన్ నాకంటే ఎక్కువ భయపడ్డాడు. "నేను ఊర్లోనే లేను గదా సామీ, నన్నేం అడగబాకండి" అని చేతులు విడిపించుకున్నాడు.

కంకణం కట్టిన చెయ్యి కాబట్టి మునిరత్నం ఎక్కక తప్పలేదు. డొల్ల పోయినంత మేరా కోసేసి, గట్టి కొసకు పలక బిగించారు. ఆ ఏడు అర్జునుడు కాస్త తక్కువ ఎత్తులో తపస్సు చేశాడు. కింద ఆడవాళ్ళ మీద నిమ్మకాయలు పడ్డాయి. నేను అక్కడే ఉన్నాను గానీ తల ఎత్తి చూడలేకపోయాను.

పందిట్లో కూర్చున్నవాళ్ళెవరూ ఆ మాట వినలేదు. వినుంటే అప్పుడే లేచేవాళ్ళు. కానీ దీపాలు పెట్టే వేళకల్లా అందరూ విన్నారు. నేను చెంబు దించి, కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి చెప్పానని గురక పెట్టిన ముసలాయన కూడా చెప్పాడు. నేను నోరు మెదపలేదని సాక్ష్యం చెప్పే మనిషి నాకొక్కడూ దొరకలేదు. కాంతమ్మను అడుగుదామనుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నా ముందు కొంగు పరిచింది. ఆ కొంగు చూశాక ఏం అడగను?

పొద్దున ఆమె ముందు సిగ్గుపడ్డాను. అది ఒక రకం. సాయంత్రం పడింది ఇంకో రకం. కల్పించి చెప్పినప్పుడు నన్ను నమ్మారు సరే, ఇప్పుడు ఉన్నమాట చెబుతుంటే ఒక్కరూ నమ్మలేదు. నేను అనలేదంటే అది నా వినయం. గట్టిగా అంటే పెద్ద వినయం. చివరిరోజు నాకు శాలువా కప్పి, మేళంతో ఊరేగించారు. నాయన నలభై ఏళ్ళు నోరు ఎండగట్టుకుని చెప్పినా ఆయనకు జరగని మర్యాద అది. మెడలో పూలదండ బరువుగా ఉంది. ఎవరి కళ్ళలోకీ చూడలేక నేల చూస్తూ నడిచాను. అది చూసి, ఎంత అణకువ అనుకున్నారు.

ఇంటికి వచ్చాక నాయనకు అంతా చెప్పాను. ఆయనకు గొంతు సరిగా రాదు, గుసగుసగా మాట్లాడతాడు. మొత్తం విని, "నాలుగోది నువ్వు చెప్పలేదు గదా" అన్నాడు. లేదన్నాను. "కథలో నువ్వు రావాల్సిన తావులో రాకుంటే ఆ తావు ఖాళీగా ఉండదప్పా" అన్నాడు. అర్థమేమిటని అడిగితే, ఆయనకూ తెలియదన్నాడు. ఆ తరువాత ఆ సంగతి ఎత్తనివ్వలేదు.

నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. అలవాటుకొద్దీ నేనే అని మరిచిపోయానా? అన్నాననుకున్నా, అంత దూరం వినబడదు. పైగా పీఠం మీద నేను పుస్తకాల తెలుగు తప్ప మాట్లాడను. "ఎక్కబాక" అనే మాట నేను చిన్నప్పుడు కూడా అన్నట్టు గుర్తులేదు. మాను సంగతి ముందే తెలిసినవాడెవడో భయపడి చెట్టు చాటునుంచి అరిచాడా? అలాగైతే ఇన్నేళ్ళలో ఒక్కడైనా బయటపడేవాడు. వైర్లు విప్పిన హారన్ పలుకుతుందా అని బడిలో సైన్సు మాస్టరును అడిగాను. ఆయన నా ముఖం వింతగా చూశాడు.

మరుసటి వేసవి నుంచి మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా చేర్చలేదు. అయినా జనం ఎప్పటికంటే ఎక్కువ వచ్చారు. వాక్కున్న అయ్యోరని పేరు పాకిపోయింది. నేను పీఠమెక్కి నోరు విప్పకముందే విసనకర్రలు ఆగిపోయేవి. ఏడుపు మానని పసిబిడ్డలను తెచ్చి నా ఒళ్ళో పెట్టేవాళ్ళు. కాణిపాకం పోయి సత్యప్రమాణం చేసి నాకేమీ తెలియదని చెప్పేద్దామా అని కూడా అనుకున్నాను. చేయలేదు. చేస్తే అదొక మహిమ అయ్యేది. బడిలో పిల్లలను శకునాల గురించి ఏడిపించడం మాత్రం మానేశాను. ఏ ముఖం పెట్టుకుని ఏడిపిస్తాను?

మునిరత్నం ఏటా కొండకు వచ్చేవాడు. పైకి పోయే ముందు మా ఇంటికి వచ్చి, బెల్లం అచ్చు ఇచ్చి, నా కాళ్ళకు మొక్కేవాడు. ప్రతిసారీ ఆ మాట నాది కాదని చెబుదామనుకునేవాణ్ణి. ప్రతిసారీ కాంతమ్మో బిడ్డలో పక్కన ఉండేవాళ్ళు. నోరు వచ్చేది కాదు.

ఒక ఏడు ఒంటరిగా వచ్చాడు. మోకాళ్ళు నొప్పులని మాను ఎక్కడం మానేసి, వేషం వేరేవాళ్ళకు అప్పగించాడు. మా వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. ఇక ఆగలేక చెప్పేశాను. "మునిరత్నం, ఆ రోజు నేను నీళ్ళు తాగుతున్నాను. ఆ మాట నేను అనలేదు. ఇన్నేళ్ళుగా నీ దండం ఊరికే తీసుకుంటున్నాను. నాకు సిగ్గుగా ఉంది."

అతను గ్లాసు పక్కన పెట్టాడు. "తెలుసు అయ్యోరా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీరు కాదని ఆ పొద్దే తెలుసు. గొంతు మీదే. కానీ మీరు నన్ను ఎప్పుడూ రా అని పిలిచింది లేదు."

మరి ఎవరని అడిగాను. తనకేం తెలుసన్నాడు. గట్టిగా అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"తెలిసి కూడా ఏటా వచ్చి నా కాళ్ళకెందుకు మొక్కుతున్నావు?" అన్నాను.

"బతికుండా గదా అయ్యోరా. ఎవురివో ఒకరి కాళ్ళు పట్టుకోవాల. వాళ్ళని యాడని ఎతికేది? మీరు కనబడతా ఉండారు" అన్నాడు.

బస్సుకు టైమైందని లేచి, నొప్పి మోకాళ్ళతోనే కష్టం మీద వంగాడు. నేను కాళ్ళు వెనక్కి తీసుకోవాలనుకున్నాను. తీసుకోలేదు. అతను మొక్కుతున్నంతసేపూ కదలకుండా నిలబడ్డాను. ఎవరి బదులు నిలబడ్డానో ఈనాటికీ నాకు తెలియదు.